బెత్తెడు పిల్ల, మూరెడు చేప

గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూలులోనైనా రంగుచేపల దుకాణంలోకి కొత్తగా వచ్చినవాళ్లు అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, చేపలు పెద్దగుండాలె, లొల్లి పెట్టుకోవద్దు." అడిగేవాళ్లలో కొత్త ఇల్లు కట్టుకున్న ఉద్యోగులుంటారు, రోగులు కూర్చునే గది కళకళలాడాలనుకునే డాక్టర్లుంటారు, పిల్లల పోరు పడలేక వచ్చిన తండ్రులుంటారు. దుకాణదారు ఒక వరుస చూపిస్తాడు. వచ్చినవాళ్లు రంగు చూస్తారు, ధర అడుగుతారు, ప్లాస్టిక్ కవరులో నీళ్లతో సహా ఇంటికి తీసుకుపోతారు. ఆ చేప ఇంకెంత పెరుగుతుందన్న ప్రశ్న మాత్రం చాలాసార్లు దుకాణంలోనే మిగిలిపోతుంది.

జూరాల డ్యామ్ దగ్గర వేయించిన చేప తినడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే ప్రాంతం మనది. చేపల మార్కెట్లో నిలబడి మొప్ప ఎత్తి చూస్తాం, ఎన్ని కిలోలని అడుగుతాం, బొచ్చెకూ రవ్వకూ తేడా కళ్లు మూసుకుని చెబుతాం. అదే మనం రంగుచేపల దుకాణంలో అడుగు పెట్టగానే చేప అంటే పెరిగే జీవమని మరిచిపోతాం. అక్కడున్నవన్నీ పిల్లలే. పెరిగిన చేప ఎలా ఉంటుందో చూపించే చోటు ఆ దుకాణంలో ఉండదు.

పెద్ద చేప కావాలన్న కోరికను తప్పు పట్టలేం. చిన్న చేపలు గుంపుగానే అందం. పది నియాన్ టెట్రాల్లో ఏది ఏదో ఇంటివాళ్లే చెప్పలేరు. ఆస్కార్ అనే పెద్ద చేప అలా కాదు, దానికో ముఖం ఉంటుంది. మనిషి గదిలోకి రాగానే అద్దం దగ్గరికి ఎదురొస్తుంది. మేత వేసే చేతిని గుర్తుపడుతుంది. అడుగున పరిచిన గులకరాళ్లను నోటితో ఒక్కొక్కటే తీసి తనకు నచ్చిన మూలకు మోస్తుంది, ముచ్చటపడి నాటిన మొక్కను పీకి పైకి తేలుస్తుంది. నీళ్లు మార్చిన రోజు అలిగినట్టు ఒక పక్కకు ఒరిగి పడుకునే ఆస్కార్లూ ఉన్నాయి. మొదటిసారి చూసినవాళ్లు చచ్చిపోయిందనుకుని కంగారుపడతారు. ఇంత స్వభావం చూపించే జీవి ఇంట్లో ఉండాలనిపించడం సహజమే. అయితే అది అమెజాన్ పరీవాహకపు చేప. రెండంగుళాల పిల్లగా ఇంటికొచ్చి, సరైన మేత పడితే ఏడాదిలోపే దాదాపు అడుగుకు చేరుతుంది. పదేళ్లకు పైగా బతుకుతుంది. పదో తరగతి పిల్లవాడి కోసం కొన్న చేప, వాడు చదువు ముగించి ఉద్యోగం వెతుక్కునే నాటికీ హాల్లోనే ఉంటుంది.

ఇంకో చేపను చూడండి. దుకాణాల్లో 'షార్క్' అని పిలుస్తారు. వెండిలా మెరిసే ఒళ్లు, దాని మీద నల్లటి చారలు, మూపున నిలువుగా లేచిన రెక్క. బెత్తెడు పొడవుండే పిల్లలు ఐదారు కలిసి అద్దం వెంట పైకీ కిందికీ ఆగకుండా తిరుగుతుంటే పిల్లలు అక్కడే నిలబడిపోతారు. సముద్రపు షార్కుకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది పంగాసు. మన మార్కెట్లలో ముళ్లు తక్కువని ముక్కలు కొట్టి అమ్మేది ఈ చేపనే. పుట్టిల్లు మెకాంగ్ నది. పెరగనిస్తే మీటరు దాటుతుంది. దానికి తోడు పిరికిది. లైటు వేసినా, ఎవరైనా అద్దం మీద తట్టినా బెదిరి దూసుకుపోయి ముక్కు పగలగొట్టుకుంటుంది. పక్క తొట్టెలో 'పిరానా' అని చెప్పి చూపించే ఎర్రపొట్ట చేప చాలాసార్లు పాకు. చేపల మార్కెట్లో దాని పేరు రూప్‌చంద్. నోరు తెరిస్తే మనుషుల దవడ పళ్లలాంటి పళ్లు కనిపిస్తాయి, నీళ్లలో రాలిన కాయలూ గింజలూ కొరికి తినడానికి. పిరానాలు దానికి దాయాదులే కానీ అది పిరానా కాదు. ఇక కోయ్ అంటారా, మన చెరువుల్లో వదిలే బంగారు తీగ కుటుంబంలో రంగులకోసం తరతరాలుగా ఎంచి పెంచిన శాఖ అది. రెండడుగుల చేప. దాని చోటు పెరటి కొలను, హాల్లో గాజు తొట్టె కాదు.

"ట్యాంకును బట్టి చేప పెరుగుతుందిలే" అనే మాట ఒకటి ఊరంతా తిరుగుతుంటుంది. అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఇద్దరికీ అనుకూలమైన మాట. చిన్న తొట్టెలో చేప ఎదుగుదల కుంటుపడటం నిజమే. కానీ చోటు చూసుకుని ఒద్దికగా పెరగడం మానుకుందని కాదు దానర్థం. తన మలినంలోనే తాను బతకలేక గిడసబారిపోయిందని. వెన్ను వంకర తిరగడం, ఒళ్లు చిన్నదై కళ్లు మాత్రం పెద్దవిగా కనిపించడం, పదేళ్లు బతకాల్సింది రెండేళ్లకే తేలిపోవడం ఇలాంటి తొట్టెల్లోనే చూస్తాం. అది అప్పటిదాకా హాయిగా బతికిందని మాత్రం అనుకోవద్దు.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న మామూలు తొట్టెలో నిండా పోస్తే పట్టేది 56 లీటర్లు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తయితే 255 లీటర్లు. ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు ఎత్తులతో చేయిస్తే 680 దాకా వస్తుంది. ఒక్క ఆస్కార్‌కు రెండోది కావాలి. రెండు ఆస్కార్లూ వాటికి తోడూ అంటే మూడోదాని గురించి ఆలోచించాలి. నీళ్లు లీటరుకు కిలో, కాబట్టి నాలుగడుగుల తొట్టె గాజు, రాళ్లు, స్టాండు కలుపుకుని మూడు వందల కిలోలు దాటుతుంది. కొత్త స్లాబు మీద గోడవారగా పెడితే ఇబ్బంది లేకపోవచ్చు. పాత మిద్దె ఇళ్లలో మాత్రం పై అంతస్తు మాట తలపెట్టకపోవడమే మేలు. గద్వాలలో మగ్గం ఉన్న ఇళ్లలోనైతే ఆరడుగుల గోడ ఖాళీగా దొరకడమే గగనం. చేపను ఎంచుకునే ముందు గోడను కొలవాలని చెప్పేది ఇందుకే.

పొత్తు సంగతికి వద్దాం. చేపల మధ్య పొత్తుకు మొదటి కొలత నోరు. ఒకదాని నోట్లో పట్టేంత చేప ఏదైనా దానికి మేతే. ఇందులో కోపమూ క్రూరత్వమూ లేవు. ఆస్కార్ ఎంత సౌమ్యంగా కనిపించినా గప్పీని పక్కన పెడితే తెల్లారేసరికి గప్పీ ఉండదు. రెండో కొలత హద్దు. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, గ్రీన్ టెర్రర్ వంటివన్నీ సిక్లిడ్ కుటుంబపు చేపలు. ఇవి పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేసే ప్రయాణికుల్లాంటివి. ముందు వచ్చిన చేప ఒక రాయి పక్కన తన రుమాలు వేసేస్తుంది, ఆ తర్వాత వచ్చిన ప్రతిదీ దాని కంటికి దొంగే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కలిసి ఉండాల్సిన చేపలను ఒక్కసారే, చిన్నవిగా ఉన్నప్పుడే, ఇంచుమించు ఒకే సైజులో తెస్తారు. తర్వాతెప్పుడైనా కొత్తదాన్ని చేర్చాల్సి వస్తే ముందు లోపలి రాళ్లన్నీ కదిపి అమరిక మార్చేస్తారు. పాత హద్దులు చెరిగిపోయి చేపలన్నీ కొత్తగా చోటు వెతుక్కుంటాయి. గుడ్లు పెట్టే జతను మాత్రం ఈ ఉపాయమూ లొంగదీయలేదు. తొట్టెలో సగం వాటిది, మిగతావన్నీ రెండో సగంలో ఒక మూలకు చేరతాయి.

ఫ్లవర్‌హార్న్‌ను ఒంటరిగా ఉంచాల్సిందే. తల మీద ఆ బొడిపె చూసి వాస్తు చేపని, లక్ష్మి వస్తుందని కొనేవాళ్లున్నారు. లక్ష్మి సంగతి చెప్పలేం కానీ దాని పక్కన మరో చేపను ఉంచితే దానికి మూడినట్టే. అది మనుషులు జాతులు కలిపి పుట్టించిన చేప, ఏ నదిలోనూ సహజంగా పుట్టింది కాదు. వాస్తు పేరుతో అమ్ముడయ్యే మరోటి ఆరోవానా. వెండి ఆరోవానా మూడడుగుల దాకా పెరుగుతుంది. కొమ్మ మీది పురుగు కోసం నీళ్లలోంచి ఎగిరి దూకే అలవాటున్న చేప కాబట్టి మూత లేని తొట్టెలో ఉంటే ఏదో ఒక రాత్రి నేల మీద పడుతుంది. ఆసియా ఆరోవానా సంగతి వేరు. అంతర్జాతీయ వాణిజ్యంలో అత్యంత కట్టుదిట్టమైన రక్షణ ఉన్న జాబితాలోది అది, మన దేశంలో ఇంట్లో పెట్టుకోవాలంటే నమోదు చేయించాలి.

మరి ఏవి పొత్తు కుదురుతాయి? ఆస్కార్‌కు చిరకాల నేస్తం సిల్వర్ డాలర్. గుండ్రంగా, పళ్లెంలా, అరచేయంత పెరిగే శాకాహారి. ఆస్కార్ నోట్లో పట్టదు, దాని రాయి జోలికి పోదు, మధ్య నీళ్లలో గుంపుగా తిరుగుతుంది. ఐదుకు తక్కువైతే బెదురుతుంది. ఆరడుగుల తొట్టెలో రెండు ఆస్కార్లు, ఐదారు సిల్వర్ డాలర్లు చూడముచ్చటగా ఉంటాయి. నాలుగడుగుల దానితోనే సరిపెట్టుకునేవాళ్లకు మా ఓటు సెవెరమ్‌కే. అదీ అమెజాన్ సిక్లిడ్డే, జానెడు పెరుగుతుంది, ఆస్కార్‌కు తమ్ముడిలా ఉంటుంది కానీ దూకుడు తక్కువ. ఒక జత సెవెరమ్‌లు, ఐదు సిల్వర్ డాలర్లు ఆ తొట్టెలో ఇరుకు లేకుండా ఉంటాయి. అదీ ఎక్కువే అనుకుంటే ఏంజెల్ చేపలు చాలు. పొడవు తక్కువైనా ఎత్తు వల్ల పెద్దవిగా కనిపిస్తాయి. ఎర్రటి ప్యారెట్ చేపలు కూడా నోరు సరిగా మూసుకోక పెద్దగా కరవలేవని, అందరితో కలుస్తాయని సిఫారసు చేస్తుంటారు. నోరు మూసుకోలేని చేపను మనిషి పుట్టించి, ఆ అవిటితనాన్నే మంచి గుణంగా చెప్పి అమ్మడం మాకు రుచించదు. గోల్డ్ ఫిష్‌ను మాత్రం వీటిలో దేనితోనూ కలపకూడదు. అది చల్లటి నీళ్ల చేప, నెమ్మదిగా ఈదుతుంది. పెద్ద సిక్లిడ్లకు దాని జాలరు తోక ఆటవస్తువు.

ఇదంతా ఎక్కడైనా వర్తించే సంగతే. మన మూడు పట్టణాలకు ప్రత్యేకమైనది నీరు. ఇక్కడి బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి. కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం ఏ ఇల్లాలైనా చెబుతుంది. క్షారగుణం ఉన్న నీళ్లలో చేప మొప్పల నుంచి విడుదలయ్యే అమ్మోనియా మరింత విషంగా మారుతుంది, వేడి తోడైతే ఇంకా ఎక్కువ. పెద్ద చేప పెద్దగా తింటుంది, పెద్దగా విసర్జిస్తుంది. అందుకే మెత్తటి నీళ్లున్న ఊళ్లవాళ్లు వారానికి పావు వంతు నీళ్లు మారుస్తామంటే మనం అంతకంటే శ్రద్ధగా ఉండాలి. మిషన్ భగీరథ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో పట్టి ఒక రోజంతా గాలి పంపు పెట్టి ఉంచితే చాలావరకు పోతుంది, తొందరైతే దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలున్నాయి. అమ్మోనియాను తిని హాని తక్కువైన పదార్థంగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టె కొన్న రోజే చేపలు వేసి, వారంలో ఒక్కొక్కటీ చనిపోతుంటే దిష్టి తగిలిందనుకునే ఇళ్లలో జరిగేది ఇదే. పైగా ఆ స్పాంజిని కుళాయి కింద శుభ్రంగా ఉతికేసి ఉన్న సూక్ష్మజీవుల్నీ క్లోరిన్‌తో చంపేస్తారు. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే దాన్ని పిండాలి.

గట్టి నీళ్లను మార్చలేం అనుకునేవాళ్లు ఆఫ్రికాలోని మలావీ, టాంగాన్యికా సరస్సుల సిక్లిడ్లను చూడవచ్చు. ఆ సరస్సుల నీళ్లే గట్టివి, క్షారగుణం ఉన్నవి. టాంగాన్యికాలోని ఫ్రాంటోసా అడుగు దాకా పెరుగుతుంది, నల్లని అడ్డపట్టీలు, నుదుట బొడిపె, నిదానమైన నడక. ఆరడుగుల తొట్టె, ఓపిక ఉన్నవాళ్లకు మన బోరు నీళ్లలో ఇంతకంటే మంచి పెద్ద చేప లేదు. అమెజాన్ చేపలతో మాత్రం కలపకూడదు.

ఇక ఎండాకాలం. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల పైచిలుకు ప్రాణవాయువు కరుగుతుంది, 35 డిగ్రీలకు చేరితే ఏడుకు లోపే. అదే వేడిలో చేపకు ఊపిరి అవసరం పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి గాలి పంపు ఆగితే ముందు నోరు పైకెత్తేది పెద్ద చేపే. ఇన్వర్టర్‌కు ఫ్యానుతో పాటు గాలి పంపు వైరు కూడా కలపడం, కనీసం బ్యాటరీ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు. ఆ నెలల్లో మేత తగ్గించడం ఖర్చే లేని పని.

మన చెరువు చేపనే పెంచుకుందామనే ఆలోచన వచ్చేవాళ్లూ ఉంటారు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. పాలమూరు ఊళ్లలో కొర్రమట్ట అంటే నోరూరని వాళ్లు తక్కువ. గాలి పీల్చి బతకగలదు కాబట్టి కరెంటు పోయినా దానికి దిగులు లేదు. ఎర్రటి పిల్లల గుంపును తల్లీతండ్రీ కాపలా కాస్తూ నీటి పైభాగాన తిప్పుకొచ్చే దృశ్యం చూసినవాళ్లు మరువలేరు. కానీ కొర్రమీను తన నోట్లో పట్టే దేన్నీ వదలదు, మూత సందు దొరికితే దూకి తడినేల మీద పాకిపోతుంది. ఒక్కదాన్నే, బరువైన మూత కింద ఉంచగలమనుకుంటేనే ముట్టుకోవాలి. చెరువు అంచుల్లో పిల్లలు గాజు సీసాలో పట్టుకునే పరిగెలు గుంపుగా పెంచడానికి ఎంతో తేలిక. పెద్ద చేప కావాలన్నవాళ్లకు మాత్రం అవి ఆనవు.

ఈ ఎంపికంతా ఇంటి గోడల మధ్య తేలిపోయే వ్యవహారమైతే దీని మీద ఇంత రాయనక్కర్లేదు. తొట్టెకు మించి పెరిగిన చేప ఎక్కడికో అక్కడికి పోవాలి. చంపడానికి చేతులు రావు. ఒక ఆదివారం సాయంత్రం బకెట్‌లో వేసుకుని వెళ్లి కేసరి సముద్రంలోనో, శ్రీరంగాపూర్ రంగసముద్రంలోనో, జూరాల కాలువలోనో వదిలేసి, పుణ్యం చేశామని ఇంటికొస్తారు. గాజు శుభ్రం చేస్తుందని చెప్పి అమ్మే సక్కర్ చేప ఇలాగే దేశమంతా పాకింది. దక్షిణ అమెరికాది, ఒళ్లంతా గట్టి పలకలు, పెరిగితే అడుగున్నర. తెలుగు పత్రికలు దాన్ని దెయ్యం చేప అంటున్నాయి. దాని ముళ్లకు వలలు చిరుగుతాయి, పట్టినా కొనేవాడుండడు. ఒడ్డు మట్టిలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, చెరువు కట్టలున్న ప్రాంతంలో ఇది ఎంత మంచిదో చెప్పనక్కర్లేదు. తూర్పు కనుమల నీటి వనరుల్లో అది ఎంతవరకు వ్యాపించిందో తెలుసుకోవడానికి హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, చేపను పట్టకుండానే నీళ్లలో కలిసిన దాని డీఎన్‌ఏ ఆనవాళ్లతో గుర్తించే పద్ధతిని రూపొందించాల్సి వచ్చింది. నల్లమల కూడా ఆ కనుమల్లోదే. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో ఉత్తర అమెరికాకు చెందిన ఎలిగేటర్ గార్ బయటపడింది. అది అంత దూరం ఈదుకుంటూ రాలేదు కదా.

మన చెరువులు గొలుసుకట్టువి. ఒకదాని అలుగు దుమికితే నీళ్లు కింది చెరువుకు, అక్కడి నుంచి వాగుకు, వాగు నుంచి కృష్ణకు పోతాయి. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదులుతున్నది ఈ చెరువుల్లోనే. వాటి మీదే ముదిరాజ్, గంగపుత్ర సంఘాల బతుకు ఆధారపడి ఉంది. ఇంట్లో పెరిగిన పెద్ద చేపను కూర వండుకోవడమూ కుదరదు. రోగమొచ్చినప్పుడల్లా తొట్టెలో పోసిన రంగుమందులు, యాంటీబయాటిక్‌లు తినే చేపకు వాడేవి కావు. మిగిలిన దారి ఒకటే, కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వడం, లేదా పెద్ద తొట్టె ఉన్నవాళ్లకు అప్పగించడం. ఈ మాట కొనేరోజే దుకాణదారుతో అనుకుంటే సగం చిక్కు తీరుతుంది. పంగాసు పిల్లను తిరిగి తీసుకుంటావా అని అడిగితే ఆయన ముఖంలో కనిపించే తటపటాయింపే ఆ చేప కొనాలో వద్దో చెప్పేస్తుంది.

వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది. చేపల గురించి నాలుగేళ్లు చదివే పిల్లలు కూతవేటు దూరంలో ఉండగా, కొనేవాళ్లకు ఈ సంగతులు చెప్పే మనిషి కరువవడం విడ్డూరం. ఆ విద్యార్థులు ఒక సెలవుల్లో మూడు పట్టణాల దుకాణాలు తిరిగి, ప్రతి తొట్టె మీద ధర పక్కనే మూడు సంగతులు తెలుగులో రాసి అతికించవచ్చు: ఈ చేప ఎంత పెరుగుతుంది, ఎన్నేళ్లు బతుకుతుంది, ఎన్ని లీటర్ల నీళ్లు కావాలి. మూడు జిల్లాల మత్స్యశాఖ కార్యాలయాలు కాగితం, జిగురు ఖర్చు పెట్టుకుంటే చాలు. దుకాణదారులకు ఆ రోజు రెండు మూడు బేరాలు తగ్గవచ్చు. చేపలు నెల తిరగకుండా చనిపోయి, ఖాళీ తొట్టెను అటక మీదికి ఎక్కించే ఇళ్లు కూడా అన్నే తగ్గుతాయి.